సోబియెస్కీ డాలు



నేడు నేను మీకు విన్నవింపబోవునది ఆకాశమున మిక్కిలి చిన్నదియగు నొక నక్షత్రమండలమును గూర్చిన కథ. దానికి పాశ్చాత్యులు 'స్కూటమ్' అని పేరిడిరి. ఆ లాటిను మాటకు డాలు అని యర్థము. మన పంచాంగములలో దీని ప్రసక్తి లేదు. పురాణములలో దీనికి కథ లేదు. ఇది పుట్టి మూడువందల నలుబది యేండ్లు మాత్రమే యైనది. అయినను దీని పుట్టుపూర్వోత్తరములు పెద్దలు విని మనుమలకు జెప్పదగినవి యని నా నమ్మిక.

ముందుగా నా తప్పొకటి యొప్పుకొనవలయును. నేను బాల్యమున గురువుగారి యింట కావ్యములతోపాటు జ్యోతిషము కొంత చదివితిని. వేసవి రాత్రులయందు గురువుగారు మమ్ము ఆరుబయట గూర్చుండబెట్టి, అశ్విని మొదలు రేవతి వఱకు ఇరువదియేడు నక్షత్రములను జూపి వల్లె వేయించెడివారు. ఆ చదువుతో ఆకాశమంతయు నాకు దెలియునను గర్వము నాలో నాటుకొన్నది. తరువాత నేను బడిపంతులనైతిని. ఒకనాటి రాత్రి పిల్లలకు శ్రవణమును జూపుచుండగా ఒక బాలుడు, "పంతులుగారూ, దాని క్రింద పాలపుంతలో పిండి చల్లినట్లు తెల్లగా నున్నదే, అదేమండి?" అని యడిగెను. నేను తడుముకొనక, "దానికి పేరులేదురా, పేరున్నవానిని ముందు నేర్చుకొనుము" అంటిని. వాడు మాఱు పలుకలేదు.

ఉద్యోగము విరమించిన పిమ్మట ఒక నక్షత్రపటమును జూచుచుండగా ఆ చోటికి పేరున్నదనియు, ఆ పేరు వెనుక నొక మనుష్యుని కష్టమును కృతజ్ఞతయు నున్నవనియు దెలిసెను. నా మనస్సు చివుక్కుమన్నది. ఆ చోటికి పేరు లేకపోవుట కాదు, నాకు తెలియకపోవుటయే నిజము. ఆ బాలున కానాడు చెప్పవలసిన సమాధానమునే నేడు మీకు జెప్పుచున్నాను.

ఆ చోటెక్కడనో ముందు గుర్తింతము. శ్రవణము మీకందఱకు దెలిసినదే. వరుసగా మూడు చుక్కలు. నడిమిది మిక్కిలి కాంతిగలది. పాశ్చాత్యులు ఆ మూటిని గ్రద్ద యాకారముగల మండలములో జేర్చిరి. ఆశ్వయుజమాసారంభమున, వెన్నెల లేని రాత్రి, మబ్బు విడిచినప్పుడు, ప్రొద్దుగూకిన గంట గంటన్నరకు దక్షిణాభిముఖులై నిలువుడు. శ్రవణము నడినెత్తికి చేరువ నుండును. అచ్చటనుండి పాలపుంత వెంబడి నైరృతిమూలకు, పూర్వాషాఢ యున్న వైపునకు, చూపు దింపుడు. చేయి చాచి పట్టిన జానెడుకు కొంచెము మించిన దూరమున పాలపుంత చిక్కనై, వెన్నముద్దవలె నొకచోట తెల్లగా గనబడును. ఆ వెన్నముద్దయున్న తావే డాలు. అందు నాలుగైదు చిన్న చుక్కలు మాత్రమే వేఱుగా గోచరించును. వానిలో పెద్దదియైనను ఇంచుమించు నాలుగవ తరగతికి జెందిన కాంతిగలదే గాని అంతకు మించినది కాదు. పున్నమినాడు దానిని వెదకుట వ్యర్థము. ఆకాశమందలి 88 మండలములలో దీనికన్న చిన్నవి నాలుగే.

ఇట్టి చోటికి పూర్వు లెవ్వరును పేరు పెట్టకపోవుటలో వింత లేదు. చుక్కలకు పేర్లు పనినిబట్టి వచ్చినవి. చంద్రుని నడకను దినదినము గుర్తించుటకు మన పూర్వులకు ఇరువదియేడు గుర్తులు గావలసివచ్చినవి. వానికి తగినవాని నేర్చుకొనిరి. శ్రవణము చంద్రుని త్రోవకు దూరమైనను కాంతిచేత ఎన్నిక కెక్కినది. రాత్రివేళ ప్రొద్దు తెలిసికొనుటకు మన పల్లెటూరి రైతులకు పిల్లలకోడియు గొరుకొయ్యలును జాలినవి. గ్రీకుల సంగతియు నిట్టిదే. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున అలెగ్జాండ్రియా పట్టణమున నివసించిన టాలెమీ యను పండితుడు ప్రాచీనుల మండలములను 48గా లెక్కించి గ్రంథస్థము చేసెను. ఆ బొమ్మల నడుమ మిగిలిపోయిన సందులు వేయి సంవత్సరములకు పైగా నట్లే యుండెను. ఊరిలో ఇండ్లకు పేర్లుండును గాని ఇండ్ల నడుమ బీడునకు పేరుండదు గదా!

పదునాఱు, పదునేడవ శతాబ్దములలో పాశ్చాత్యదేశముల యోడలు దక్షిణసముద్రములకు బోయినవి. దూరదర్శిని పుట్టినది. చుక్కల స్థానములను మునుపటికంటె సూక్ష్మముగా గొలుచు నావశ్యకత కలిగినది. కొలుచువానికి ప్రతి చుక్కయు నేదో యొక యింటిలో నుండవలయును. అప్పుడు ఆ బీళ్లకును పేర్లు పెట్టుట యారంభమైనది. అట్లు పేర్లు పెట్టినవారిలో ముఖ్యుడు యోహానెస్ హెవేలియస్ అనునాతడు.

హెవేలియస్ 1611వ సంవత్సరము జనవరి 28వ తేదీన బాల్టికు సముద్రతీరమునందలి డాన్జిగ్ పట్టణమున జన్మించెను. దానినే నేడు గ్దాన్స్క్ అందురు. ఆ నాడది పోలండు రాజుల యేలుబడిలోని గొప్ప వర్తకనగరము. ఆయన కులవృత్తి బీరు అను పానీయమును కాచి యమ్ముట. న్యాయశాస్త్రము చదివి, పట్టణ పరిపాలనలో పదవులను నిర్వహించుచు, వ్యాపారమును సాగించుచు, మిగిలిన ధనమును కాలమును ఆకాశమునకు సమర్పించెను. తన యిండ్ల మిద్దెలపై 1641లో వేధశాల నిర్మింప నారంభించెను. చంద్రబింబమునందలి కొండలను మైదానములను దూరదర్శినితో బరిశీలించి చిత్రములతో గూడిన మహాగ్రంథమును 1647లో ప్రకటించెను.

చిత్రమేమనగా, చంద్రుని జూచుటకు దూరదర్శినిని వాడినను, చుక్కల స్థానములను గొలుచునప్పుడు మాత్ర మాయన వట్టి కంటినే నమ్మెను. పెద్ద పెద్ద కోణమాపక యంత్రములను జేయించి, వాని యంచుమీదుగా చుక్కను గురిజూచి కొలిచెడివాడు. యంత్రమునకు దూరదర్శినిని బిగింపనిదే కొలత నిక్కువముగా రాదని ఇంగ్లండు పండితులు కొందఱు వాదించిరి. ఆ తగవు తీర్చుటకు 1679లో ఎడ్మండు హేలీ యను యువకుడు డాన్జిగ్‌నకు వచ్చెను. తరువాత తోకచుక్క వలన ప్రసిద్ధుడైన హేలీ యాతడే. అప్పటి కాతని వయస్సు 22 ఏండ్లు, హెవేలియస్ వయస్సు 68. ఇరువురును ఒకే చుక్కలను రాత్రులకొలది కొలిచి చూచిరి. ముసలివాని కంటికొలతల నిక్కమునకు హేలీ యాశ్చర్యపడి సాక్ష్య మిచ్చెను.

హేలీ తిరిగిపోయిన కొలది నెలలకే యాపద వచ్చినది. 1679 సెప్టెంబరు 26వ తేదీన, హెవేలియస్ దంపతులు ఊరి వెలుపలి తోటలో నుండగా, నగరమందలి వారి యింటికి నిప్పంటుకొన్నది. ఇండ్లు గాలిపోయినవి. నలుబదియేండ్ల శ్రమతో గూర్చుకొన్న యంత్రములు, పుస్తకములు, ముద్రణశాల దగ్ధమైనవి. చుక్కల పట్టిక వ్రాతప్రతి మాత్రము దైవవశమున మిగిలినది. అఱువదియెనిమిదేండ్ల వయస్సున అట్టి నష్టము గలిగినవాడు చేతులు ముడుచుకొని కూర్చున్నను లోకము తప్పు పట్టదు. హెవేలియస్ అట్లు కూర్చుండలేదు. మిద్దెలపై మఱల వేధశాలను లేపెను. మరుసటి యేడు డిసెంబరునాటికి, అప్పుడు తోచిన గొప్ప తోకచుక్కను పరిశీలింపగల స్థితికి వచ్చెను. కాలిపోయిన తన కోణమాపక యంత్రమునకు స్మారకముగా సింహరాశి దాపున నొక మండలమును గల్పించి, దానికి 'సెక్‌స్టాన్స్' అని యా యంత్రము పేరే పెట్టెను. నేలమీద బూడిదయైన యంత్రము నింగిలో నిలిచినది.

వేధశాలను మఱల నిలుపుటలో ఆయనకు దోడ్పడిన ప్రభువు పోలండు రాజు మూడవ జాన్ సోబియెస్కీ. ఆ దేశమున రాజు వంశక్రమమున గాక ప్రభువుల యెన్నికచే వచ్చెడివాడు. సోబియెస్కీ అట్లు 1674లో రాజయ్యెను. ఆయన డాన్జిగ్‌నకు వచ్చినపుడు హెవేలియస్‌ను ఆదరించెడివాడు. బీరు వ్యాపారముపై పన్ను మాఫీ చేసి, నగరము వెలుపల గూడ అమ్ముకొనుటకు సెల విచ్చెను. పన్ను మాఫీ యనగా చిన్న సాయము కాదు. ఆ సొమ్మే యంత్రములయినది, కాగితమయినది, చిత్రకారుల కూలియయినది.

ఇట్లుండగా 1683లో మఱియొక సంఘటన జరిగినది. తురుష్క సుల్తాను ప్రధానమంత్రి కారా ముస్తఫా మహాసేనతో వచ్చి ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమును రెండు నెలలు ముట్టడించెను. నగరము నేడో రేపో లొంగిపోవు స్థితిలో నుండగా, సోబియెస్కీ తన బలములతో వచ్చి, మిత్రరాజుల సేనలన్నిటికి నాయకుడై, సెప్టెంబరు 12వ తేదీన కొండపైనుండి దిగి ముట్టడిని విచ్ఛిన్నము చేసెను. యూరపు అంతటను ఆయన పేరు మాఱుమ్రోగినది.

మరుసటి యేడు, 1684 ఆగస్టు నెలలో, లైప్జిగ్ నగరమునుండి వెలువడు పండితపత్రికలో హెవేలియస్ ఒక చిన్న వ్యాసమును పటముతో బ్రకటించెను. గ్రద్దకును ధనుస్సునకును నడుమ పాలపుంతలో నున్న చుక్కలను గూర్చి, సిలువ గుర్తుగల డాలు బొమ్మను గీసి, దానికి 'స్కూటమ్ సోబియెస్కియానుమ్', అనగా సోబియెస్కీ డాలు, అని పేరు పెట్టెను.

ఇచ్చట మీకొక సందేహము గలుగవచ్చును. ఇది రాజస్తుతి కాదా? సాయము చేసిన రాజు పేరు ఆకాశమున వ్రాయుట ముఖస్తుతి కాదా? మన కావ్యలోకమున నిట్టి వివాదము ప్రాచీనమైనదే. కవి తన కృతిని రాజున కంకితమిచ్చి యాతనిని కృతిపతిని జేయుట యొక సంప్రదాయము. నరాంకితము తగదని భగవంతునికే కృతి నిచ్చుట మఱియొక సంప్రదాయము. హెవేలియస్ మొదటి త్రోవను బోయినాడు. అయితే అంకితము నింద్యమా, వంద్యమా యనుట కృతిని బట్టి యుండును గాని కృతిపతిని బట్టి యుండదు. ఆ మాటకు నిదర్శన మీ డాలు చరిత్రయే.

హెవేలియస్ 1687 జనవరి 28న, సరిగా డెబ్బదియాఱవ జన్మదినమున, మరణించెను. చుక్కల పట్టిక అచ్చుకాలేదు. దానిని నెఱవేర్చినది ఆయన భార్య ఎలిసబెత్. ఆమె పదునాఱవయేట ఆయనను బెండ్లాడి, యంత్రముకడ ఆయన సరసన నిలిచి కొలతలు నేర్చినది. కోణమాపకమునకు ఒకప్రక్క భర్త, ఒకప్రక్క భార్య నిలిచి చుక్కను గొలుచుచున్న చిత్రము ఆయన గ్రంథములో గలదు. భర్త పోయిన పిమ్మట ఆమె వ్రాతలన్నియు సరిచూచి, 1,500లకు పైబడిన చుక్కల పట్టికను, ఏబదికి మించిన పటములను, 1690లో బ్రకటించినది. ఆ పటసంపుటమునకు సోబియెస్కీ నభోమండలమని పేరు. రాజు నాటికి జీవించియే యుండెను. ఆయన 1696లో గతించెను.

ఇక ఇతరులు ఆకాశమున నిలుపబోయిన రాజచిహ్నముల గతి యేమైనదో వినుడు. ఇంగ్లండు రాజు రెండవ చార్లెసు ఒకప్పుడు శత్రువులకు జిక్కక సిందూరవృక్షములో దాగెను. దానికి గుర్తుగా హేలీ 1679లో ప్రాచీనుల నౌకామండలమునుండి చుక్కలను గొని చార్లెసు వృక్షమును గల్పించెను. ఆ వృక్షము నేడు లేదు. గాట్‌ఫ్రీడ్ కిర్ష్ అను జర్మను పండితుడు 1688లో బ్రాండెన్‌బర్గు ప్రభువుల రాజదండమును గల్పించెను. అదియు నేడు లేదు. విల్నా నగర పండితుడు పోచోబూత్ 1777లో మఱియొక పోలండు రాజు పొన్యతోవ్‌స్కీ పేర నొక వృషభమును, ఈ డాలునకు బొరుగుననే, నిలిపెను. ఆ వృషభమును గూడ నేటి పటములలో వెదకిన గానరాదు. డాలున కెదురు లేకపోలేదు. ఇంగ్లండు రాజజ్యోతిషికుడు ఫ్లామ్‌స్టీడ్ దానిని గుర్తింపక, ఆ చుక్కలను గ్రద్దమండలములోనే లెక్కించెను. డాలునందలి పెద్దచుక్క ఆయన లెక్కలో గ్రద్దలోని యొకటవ చుక్క.

ఇన్ని పోగా డాలు ఎట్లు నిలిచినది? సోబియెస్కీ పరాక్రమమే నిలిపిన దందమా, ఆయన రాజ్యమే నిలువలేదు. 1772, 1793, 1795 సంవత్సరములలో రష్యా, ప్రష్యా రాజ్యములు మూడు పర్యాయములును, ఆస్ట్రియా మొదటి, మూడవ పర్యాయములలోను పోలండును పంచుకొనినవి. ఏ వియన్నాను సోబియెస్కీ రక్షించెనో ఆ వియన్నా ప్రభువులే పంపకములో భాగము గొనిరి. 1795 మొదలు 1918 వఱకు, 123 సంవత్సరములు, భూపటమున పోలండు అను స్వతంత్రరాజ్యము లేదు. ఆ కాలమంతయు ఆకాశపటమున పోలండు రాజు డాలు మాత్రము చెక్కుచెదరక యుండెను.

డాలును మోసినది హెవేలియస్ దంపతుల పటసంపుటము. అందలి కొలతల నాణ్యమువలన తరువాతి పటకర్తలు దానిని జిరకాలము ప్రమాణముగా గొనిరి. దాని వెంటనే ఆయన కల్పించిన మండలములును లోకమున వ్యాపించినవి. డాలు, కోణమాపకము, నక్క, బల్లి, చిన్నసింహము, వేటకుక్కలు, లింక్స్ అను అడవిపిల్లి, ఈ యేడును నేటికి నిలిచినవి. రాజు కొన్నాళ్లు జ్యోతిషికుని గాపాడెను. జ్యోతిషికుని శ్రమ రాజు డాలును శతాబ్దముల తరబడి గాపాడినది.

అయితే కాలము తన పన్ను తాను వసూలు చేసికొనినది. క్రమముగా పండితులు పెద్దపేరును కుదించి వట్టి 'డాలు' అనజొచ్చిరి. 1922లో రోము నగరమున సమావేశమైన అంతర్జాతీయ జ్యోతిశ్శాస్త్ర సంఘము 88 మండలముల పట్టికను స్థిరపఱచినప్పుడు 'స్కూటమ్' అను మాటయే నిలిచినది, 'సోబియెస్కీ' జాఱిపోయినది. 1930లో బెల్జియము పండితుడు డెల్‌పోర్ట్ ప్రతి మండలమునకును పొలిమేరలు గీసి ప్రకటించెను. మన యూళ్లలో పాత చెఱువుగట్టుమీది శాసనమును జూడుడు. త్రవ్వించిన ప్రభువు పేరు అరిగిపోయి చదువ శక్యము గాకుండును. నీరు మాత్రము పొలమునకు బాఱుచునే యుండును. ఈ డాలు గతియు నట్టిదే.

ఆ చిన్న యాకాశఖండము వట్టి స్మారకము మాత్రమే కాదు. అందు విశేషములు గలవు. పైన చెప్పిన కిర్ష్ పండితుడు 1681లో అచ్చట నొక నక్షత్రగుచ్ఛమును గనిపెట్టెను. కంటికి కనబడీ కనబడనట్లుండు నా మసక చిన్న దూరదర్శినికి సున్నపు పొడివలె విడిపోవును. బారులుదీరి యెగురు బాతుల గుంపును బోలుటచే దానికి అడవిబాతుల గుచ్ఛమని పేరు వచ్చినది. ఆ వెలుగు మనకు జేరుటకు ఇంచుమించు 6,000 సంవత్సరములు పట్టును. దాని చేరువనే మఱియొక వింతచుక్క గలదు. 1795లో ఎడ్వర్డు పిగట్ దాని చంచలత్వమును గుర్తించెను. అది యొకప్పుడు వట్టి కంటికి గనబడునంత వెలుగును, ఒకప్పుడు బొత్తిగా మఱుగగునంత మసకబాఱును. ఆ యెగుడుదిగుడుల కాలము ఇంచుమించు 146 దినములు. పోలండు భూపటమునుండి తొలగిన సంవత్సరమే దీనిని గనుగొనుట కాకతాళీయము.

ఇంకొక మాట. 1973 ఏప్రిలులో అమెరికావారు పయనీర్ 11 అను యంత్రనౌకను భూమినుండి పంపిరి. అది గురుని, శనిని దాటి, సౌరకుటుంబపు వెలుపలి త్రోవ బట్టినది. 1995లో దాని పలుకు మనకు వినబడకపోయినది. మననుండి చూచినచో ఆ మూగనౌక యున్న దిక్కు ఈ డాలు దిక్కే.

పెద్దలారా, మీ వాకిట కూర్చున్న మనుమడో మనుమరాలో "తాతా, ఆ తెల్లని దేమి?" అని యడిగినచో, నేను చేసిన తప్పు మీరు చేయకుడు. తెలిసినచో జెప్పుడు. తెలియనిచో "నాకు తెలియదు, తెలిసికొని చెప్పెదను" అనుడు. ఆ మాటకు సిగ్గుపడ నక్కఱలేదు. "దానికి పేరులేదు" అని మాత్రము అనకుడు. నన్నడిగిన బాలుడు నేడు ఏ యూర నున్నాడో నే నెఱుగను. వాడీ ప్రసంగమును వినుచున్నచో నా మాట యిదే: నాయనా, దాని పేరు డాలు. ఇల్లు గాలిపోయిన యొక ముసలివాడు తనకు జేయి యిచ్చినవానిని మఱువక పెట్టిన పేరది. ఆలస్యముగా జెప్పినందుకు మన్నింపుము.